మెషీన్ మారినా డిస్క్ మౌంట్ అవ్వాలంటే: సెక్టార్, బ్లాక్, పేజీ సైజులు ఎలా చూసుకోవాలి

డెస్క్‌టాప్‌లో నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన డిస్కును తీసి రాస్ప్‌బెర్రీ పై 5కి తగిలిస్తే మౌంట్ కానంటుంది. యూఎస్‌బీ డాక్‌లో ఉన్నన్నాళ్లూ ఫోటోలన్నీ చూపించిన డిస్కును డాక్‌లోంచి తీసి నేరుగా మదర్‌బోర్డుకు పెడితే, అసలు పార్టిషన్లే లేవంటుంది. పాత డిస్కును కొత్త సర్వర్ డిస్క్ మీదికి డీడీ అనే కమాండ్‌తో ఉన్నదున్నట్టు కాపీ చేస్తే, కాపీ ఏ ఎర్రరూ లేకుండా పూర్తవుతుంది కానీ కొత్తది తెరుచుకోదు. ఇలాంటప్పుడు చాలామంది డిస్క్ పోయిందనుకుంటారు. చాలా సార్లు డేటా ఒక్క బైటు కూడా చెడి ఉండదు. డిస్క్ లెక్కపెట్టే కొలత ఒకటి, ఫైల్‌సిస్టమ్ రాసుకున్న కొలత ఒకటి, కర్నెల్ (ఓఎస్ గుండెకాయ) వాడే కొలత ఇంకొకటి అయి, అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు, అంతే.

అందుకని అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, ఏమీ చేయకుండా ఉండటం. విండోస్ ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే వద్దనండి. లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌సీకే గానీ, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ గానీ, పార్టిషన్ రికవరీ టూల్ గానీ అప్పుడే మొదలుపెట్టకండి. కొలతలు తప్పుగా చదువుతున్న మెషీన్ మీద రిపేర్ చేస్తే, బాగున్నదాన్ని మన చేత్తో మనమే పాడుచేసుకున్నట్టవుతుంది.

ఒక చిన్న సంగతి: ఇక్కడ కమాండ్లు, ఆప్షన్లు, ఫైల్ దారులు అన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం మామూలుగానే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. డిస్క్ పేరు ఎస్‌డీబీ అని రాసిన ప్రతిచోటా మీ డిస్క్ పేరు పెట్టుకోండి. సిస్టమ్ ఉన్న డిస్క్ పేరు పొరపాటున పెట్టకండి.

మొదట: మూడు కొలతలు వేరుగా తెలుసుకోండి

మొదటిది డిస్క్ సెక్టార్. దీంట్లో మళ్లీ రెండున్నాయి. డిస్క్ లోపల నిజంగా రాసే ముక్క ఫిజికల్ సెక్టార్. కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడు డిస్క్ చెప్పుకునే ముక్క లాజికల్ సెక్టార్. ఒకప్పుడు రెండూ 512 బైట్లే. డిస్కుల సాంద్రత పెరిగే కొద్దీ ప్రతి 512 బైట్లకూ విడిగా ఖాళీ వదిలి, విడిగా ఎర్రర్ కరెక్షన్ పెట్టడం దండగ అనిపించి, తయారీదారులు 4096 బైట్ల సెక్టార్‌కు మారారు. అడ్వాన్స్‌డ్ ఫార్మాట్ అంటే ఇదే. డిస్క్ పరిశ్రమ సంఘం ఐడెమా ఈ మార్పుకు 2011 జనవరిని గడువుగా పెట్టుకుంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇబ్బంది పడకుండా, లోపల 4096 ఉన్నా బయటికి 512 అని చెప్పే డిస్కులు వచ్చాయి. వాటిని 512ఈ అంటారు. లోపలా బయటా 4096 చెప్పేవి 4కేఎన్. మీ ఇంట్లో ఉన్న హార్డ్ డిస్క్ బహుశా 512ఈ అయివుంటుంది. సర్వర్ల కోసం అమ్మే పెద్ద డిస్కుల్లో 4కేఎన్ ఎక్కువగా కనిపిస్తుంది.

రెండోది ఫైల్‌సిస్టమ్ బ్లాక్, అంటే ఫైళ్లకు డిస్క్ మీద చోటు పంచే ముక్క. ఇది ఫార్మాట్ చేసిన రోజున డిస్క్ మీద రాసేసిన సంఖ్య. తర్వాత మారదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే బ్లాక్ సైజుతో పాటు సెక్టార్ సైజు అని ఇంకో సంఖ్య కూడా తన సూపర్‌బ్లాక్‌లో (తన వివరాలన్నీ ఉండే బ్లాక్‌లో) రాసుకుంటుంది. చిక్కంతా చాలావరకు దీంతోనే.

మూడోది మెమరీ పేజీ, అంటే మెమరీని పంచే ముక్క. ఇది డిస్కుది కాదు, కర్నెల్‌ది. ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో 4 కేబీ. 64 బిట్ ఏఆర్ఎం ప్రాసెసర్లు 4, 16, 64 కేబీల్లో ఏదో ఒకటి వాడగలవు, ఏది అనేది కర్నెల్ బిల్డ్ చేసినవాళ్ల ఇష్టం. రాస్ప్‌బెర్రీ పై 5 మీద రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 64 బిట్ కర్నెల్ మామూలుగా 16 కేబీతో వస్తుంది. పై 4 మీద 4 కేబీనే. ఆపిల్ ఎం1, ఎం2 మ్యాకుల మీద లినక్స్ 16 కేబీతో నడుస్తుంది. ఐబీఎం పవర్ సర్వర్ల మీద చాలా డిస్ట్రోలు 64 కేబీ పెడతాయి. రెడ్‌హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఏఆర్ఎం ఎడిషన్‌లో వెర్షన్ 8 వరకూ 64 కేబీ పెట్టి, 9లో 4 కేబీకి వచ్చేసింది. కావాలన్నవాళ్లకు 64 కేబీ కర్నెల్‌ను విడిగా ఇస్తోంది. అంటే ఒకే మెషీన్ మీద ఓఎస్ అప్‌గ్రేడ్ చేసినా ఈ సంఖ్య మారిపోవచ్చు.

ఇక ఈ మూడింటినీ కలిపే నియమాలు రెండే. ఫైల్‌సిస్టమ్ వాడే అతి చిన్న ముక్క, డిస్క్ లాజికల్ సెక్టార్ కన్నా చిన్నదిగా ఉండకూడదు. ఎందుకంటే 4096 కన్నా తక్కువ ముక్కను 4కేఎన్ డిస్క్ అసలు ఇవ్వదు, తీసుకోదు. రెండోది, ఫైల్‌సిస్టమ్ బ్లాక్ మెమరీ పేజీ కన్నా పెద్దదిగా ఉండకూడదు. కర్నెల్ ఒక బ్లాకును పేజీ క్యాష్‌లో (డిస్క్ డేటాను మెమరీలో ఉంచుకునే చోట) పెట్టాలి. కుంచెడు బియ్యాన్ని మానికతో ఒక్కసారే కొలవలేం కదా, 64 కేబీ బ్లాకును 4 కేబీ పేజీలో పెట్టడమూ అలాంటిదే. ఈ రెండో నియమానికి కొత్త కర్నెల్స్‌లో సడలింపు వచ్చింది, అది తర్వాత చెప్తాను.

రెండు మెషీన్ల మీదా సంఖ్యలు రాసుకోండి

పేజీ సైజు కోసం:

గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్

ఇక్కడ పేజ్‌సైజ్ అన్నది మాత్రం పెద్ద అక్షరాల్లో టైప్ చేయాలి. 4096, 16384, 65536లో ఏదో ఒకటి వస్తుంది.

డిస్క్ సెక్టార్ల కోసం:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -టీ

దీంట్లో ఫిజికల్ సెక్టార్, లాజికల్ సెక్టార్ పక్కపక్క నిలువు వరుసల్లో కనిపిస్తాయి. ఒక్క డిస్క్ గురించే కావాలంటే బ్లాక్‌డెవ్ --గెట్‌ఎస్‌ఎస్ లాజికల్‌ను, బ్లాక్‌డెవ్ --గెట్‌పీబీఎస్‌జెడ్ ఫిజికల్‌ను చెప్తాయి. ఈ విషయంలో మీకు ముఖ్యం లాజికలే. ఫిజికల్ సైజు వేగానికి సంబంధించింది, మౌంట్ అవ్వడానికి కాదు. విండోస్‌లో అయితే అడ్మిన్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎస్‌యుటిల్ ఎఫ్ఎస్ఇన్ఫో సెక్టార్ఇన్ఫో అని, డ్రైవ్ అక్షరం ఇస్తే రెండూ చెప్తుంది. విండోస్ 7 అసలు 4కేఎన్ డిస్కులను సపోర్ట్ చేయదు. విండోస్ 8 నుంచి చేస్తుంది.

యూఎస్‌బీ డాక్ ఉంటే డాక్‌తో ఒకసారి, డాక్ లేకుండా ఒకసారి చూడండి. కొన్ని డాక్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బాలు మధ్యలో ఉండి, 512 చెప్పే డిస్కును 4096 అని చెప్తాయి. ఇది తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది కానీ కారణం ఉంది. పాత ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్‌లో సెక్టార్ నంబరుకు 32 బిట్లే. 512 చొప్పున లెక్కేస్తే 2 టీబీ దాటి పోలేదు. 4096 చొప్పున అయితే అదే టేబుల్ 16 టీబీ దాకా వస్తుంది. జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) తెలియని విండోస్ ఎక్స్‌పీలో కూడా 3 టీబీ డిస్క్ మొత్తం కనిపించాలని పెట్టిన ఉపాయం అది.

ఇక ఫైల్‌సిస్టమ్ లోపలి సంఖ్యలు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఇన్ఫో ఇచ్చి సెక్ట్ఎస్‌జెడ్, బీసైజ్ అన్న రెండు విలువలు చూడండి. ఎక్స్‌ట్4కు డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్ ఇస్తే బ్లాక్ సైజు వస్తుంది. బీటీఆర్ఎఫ్ఎస్‌కు బీటీఆర్ఎఫ్ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ డంప్-సూపర్ ఇచ్చి సెక్టార్‌సైజ్ అన్న లైను వెతకండి. బీటీఆర్ఎఫ్ఎస్ సెక్టార్‌సైజ్ అనేది పేరుకే సెక్టార్, నిజానికి అది బ్లాక్ సైజు. డిస్క్ సెక్టార్‌తో కలిపి గందరగోళపడకండి.

మౌంట్ కాకపోతే డీమెసేజ్ చదవండి

మౌంట్ కమాండ్ ఇచ్చే ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అన్న సందేశం దేనికైనా అదే చెప్తుంది, దాన్ని పట్టుకుని లాభం లేదు. డీమెసేజ్ (కర్నెల్ సందేశాలు చూపే కమాండ్, టైప్ చేయాల్సింది డీ, ఎం, ఈ, ఎస్, జీ అన్న అయిదు అక్షరాలే) చివరి నాలుగు లైన్లు చూడండి. అక్కడ కర్నెల్ సూటిగా చెప్తుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ‘డివైస్ సపోర్ట్స్ 4096 బైట్ సెక్టార్స్, నాట్ 512’ అంటే మొదటి నియమం తప్పింది: 512 సెక్టార్‌తో చేసిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ 4096 డిస్క్ మీదికి వచ్చింది. ఫ్యాట్ ‘లాజికల్ సెక్టార్ సైజ్ టూ స్మాల్ ఫర్ డివైస్’ అంటే అదే జబ్బు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ బ్లాక్‌సైజు 65536 అని చెప్పి ‘ఓన్లీ పేజ్‌సైజ్ ఆర్ లెస్’ అంటే రెండో నియమం. స్వాప్ ఆన్ చేసేటప్పుడు ‘పేజ్‌సైజ్ డజ్ నాట్ మ్యాచ్’ అంటే భయపడే పనే లేదు, కింద చెప్పాను. ఇవేవీ లేకుండా అసలు పార్టిషన్లే కనిపించకపోతే, పార్టిషన్ టేబుల్ సంగతి చూడాలి.

పార్టిషన్లు మాయమైతే: డాక్ కేసు

జనానికి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

జీపీటీ హెడర్ ఎప్పుడూ ఒకటో నంబరు సెక్టార్‌లో ఉంటుంది (లెక్క సున్నా నుంచి మొదలు). లాజికల్ సెక్టార్ 512 అయితే అది డిస్క్ మొదటి నుంచి 512వ బైటు దగ్గర. 4096 అయితే 4096వ బైటు దగ్గర. డాక్ 4096 అని చెప్పినప్పుడు పార్టిషన్ చేశారు, ఇప్పుడు నేరుగా తగిలిస్తే డిస్క్ 512 అంటోంది. కర్నెల్ 512వ బైటు దగ్గర వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. ఎంబీఆర్ అయితే ఇంకో రకం మోసం. అది సున్నా సెక్టార్‌లోనే ఉంటుంది కాబట్టి దొరుకుతుంది, కానీ అందులోని ప్రారంభ సంఖ్యలను 8 రెట్లు తక్కువగా చదువుకుని, పార్టిషన్ ఉన్నట్టే చూపించి లోపల చెత్త చూపిస్తుంది. రిపేర్ టూల్ నడపొద్దన్నది అందుకే.

అదే డాక్ చేతిలో ఉంటే మళ్లీ దాంట్లో పెట్టేయండి, పని అయిపోయింది. డాక్ కాలిపోయిందో, పోయిందో అనుకుందాం. అప్పుడు లినక్స్ లూప్ డివైస్‌తో (ఫైలును గానీ డిస్కును గానీ ఇంకో డిస్కులా చూపే సౌకర్యంతో) డాక్ చేసిన పనే చేయించవచ్చు:

లోసెటప్ --ఫైండ్ --షో --పార్ట్‌స్కాన్ --రీడ్-ఓన్లీ --సెక్టార్-సైజ్ 4096 /డెవ్/ఎస్‌డీబీ

ఇది /డెవ్/లూప్0 లాంటి పేరొకటి చెప్తుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే మళ్లీ చూస్తే లూప్0పీ1, లూప్0పీ2 అని మీ పాత పార్టిషన్లు ప్రత్యక్షమవుతాయి. వాటిని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ఆర్‌సింక్‌తో ఇంకో డిస్క్‌కి కాపీ చేసుకోండి. దీనికి యుటిల్-లినక్స్ 2.30, కర్నెల్ 4.14 లేదా తర్వాతివి కావాలి. ఈ రోజుల్లో ఏ డిస్ట్రో తీసుకున్నా అంతకన్నా కొత్తవే ఉంటాయి.

తిరగేసి కూడా ఇదే మందు. నేరుగా తగిలించి 512తో పార్టిషన్ చేసిన డిస్కును, 4096 చెప్పే డాక్‌లో పెట్టారనుకోండి, సెక్టార్-సైజ్ 512 అని ఇవ్వండి. లూప్ డివైస్ పేజీ క్యాష్ మీదుగా పనిచేస్తుంది కాబట్టి చిన్న ముక్కలను అది సర్దుకుంటుంది. డైరెక్ట్ ఐఓ ఆప్షన్ మాత్రం ఇవ్వకండి, అప్పుడు సర్దుకోలేదు.

కాపీ అయ్యాక ఖాళీ చేసిన డిస్కును మళ్లీ వాడాలంటే, అది ఎక్కువగా ఎలా ఉండబోతుందో (డాక్‌లోనా, నేరుగానా) అలా తగిలించి కొత్తగా పార్టిషన్ చేయండి. కొందరు పార్టిషన్ టేబులే లేకుండా డిస్క్ మొత్తాన్నీ ఫైల్‌సిస్టమ్‌గా ఫార్మాట్ చేస్తారు. అలా చేస్తే డాక్ ఉన్నా లేకున్నా ఒకటే, టేబుల్ తంటా ఉండదు. కానీ విండోస్‌కి అలాంటి ఎక్స్‌ట్4 డిస్క్ ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది, ఇనిషియలైజ్ చేయమంటుంది. ఇంట్లో ఇంకెవరైనా ఆ డిస్కును ముట్టుకునే అవకాశం ఉంటే నేను దీన్ని సిఫారసు చేయను. జీపీటీనే పెట్టి, డిస్క్ మీద ‘4096, డాక్‌తో’ అని చిన్న స్టిక్కర్ అంటించడం మేలు.

డీడీతో 512 డిస్క్ నుంచి 4కేఎన్‌కు కాపీ చేసేసి ఉంటే

పాత డిస్క్ ఇంకా ఉంటే తలనొప్పి అక్కర్లేదు. కొత్త డిస్క్ మీద కొత్త పార్టిషన్లు, కొత్త ఫైల్‌సిస్టమ్‌లు చేసి ఆర్‌సింక్ -ఏహెచ్ఏఎక్స్‌తో ఫైళ్లను కాపీ చేయండి. ఇందులో ఏ అక్షరం పెద్దదో చూసుకోండి: మొదటి ఏ చిన్నది, మిగతా మూడూ పెద్దవి. హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్‌లు అన్నీ వస్తాయి.

పాతది లేదు, కాపీ ఒక్కటే మిగిలింది అంటే, పైన చెప్పినట్టు లూప్ డివైస్‌కు 512 ఇచ్చి ఫైళ్లు బయటికి తీయవచ్చు. లేదా పార్టిషన్ టేబుల్ మాత్రం కొత్త లెక్కలో తిరిగి రాయవచ్చు. పాత టేబుల్‌లో ప్రారంభం 2048 ఉంటే కొత్తదాంట్లో 256, అంటే ప్రతి ప్రారంభాన్నీ, ప్రతి పొడవునూ 8తో భాగించాలి. 8తో భాగం పోకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. పాత విండోస్ ఎక్స్‌పీ కాలంలో 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యే పార్టిషన్లు ఉండేవి, వాటికి ఇది కుదరదు.

టేబుల్ సరిచేసినా లోపలి ఫైల్‌సిస్టమ్ ఒప్పుకోవాలి కదా. ఎక్స్‌ట్4 బ్లాక్ 4096 అయితే ఒప్పుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ సెక్ట్ఎస్‌జెడ్ 512 అయితే ఒప్పుకోదు, దాన్ని అక్కడికక్కడే 4096కు మార్చే టూల్ లేదు. ఇక్కడ ఒక గుంట ఉంది. ఎక్స్‌ట్4 ఫార్మాట్ చేసే టూల్ చాలా కాలంగా 512 ఎంబీ లోపు పార్టిషన్లకు 1024 బైట్ల బ్లాక్ పెడుతూ వచ్చింది. అంటే పెద్ద రూట్ పార్టిషన్ మౌంట్ అయి, చిన్న బూట్ పార్టిషన్ ఒక్కటే మొరాయించవచ్చు. ఈఎఫ్ఐ పార్టిషన్ ఫ్యాట్ కాబట్టి అది కూడా 512 సెక్టార్‌తో ఉండి ఆగిపోతుంది. ఆ రెంటినీ కొత్తగా ఫార్మాట్ చేసి ఫైళ్లు కాపీ చేయడమే దారి, ఎలాగూ చిన్నవే.

పేజీ సైజు తేడా వచ్చినప్పుడు

ఎక్స్‌ట్4, 4096 బ్లాక్: 4, 16, 64 కేబీ పేజీలు ఉన్న ఏ మెషీన్ మీదైనా మౌంట్ అవుతుంది. ఏమీ చేయనక్కర్లేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కూడా అంతే. సమస్య రెండోవైపు: 64 కేబీ మెషీన్ మీద ఎవరో సరదాపడి, లేదా స్పీడు కోసమని, 64 కేబీ బ్లాక్‌తో ఫార్మాట్ చేస్తే దాన్ని ఇంటెల్ మెషీన్ మీదికి తెచ్చినప్పుడు ఆగిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే కర్నెల్ 6.12 నుంచి (2024 నవంబరులో వచ్చింది) పేజీ కన్నా పెద్ద బ్లాకులను మౌంట్ చేయగలుగుతోంది. అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

బీటీఆర్ఎఫ్ఎస్ కథ వేరు. చాలా ఏళ్లపాటు అది తన సెక్టార్‌సైజ్, పేజీ సైజు సమానంగా ఉండాలని పట్టుబట్టేది. ఫార్మాట్ టూల్ కూడా ఆ మెషీన్ పేజీ ఎంతో అంతే పెట్టేది. 4 కేబీతో చేసింది 64 కేబీ మెషీన్‌లో తెరుచుకునేది కాదు, 64తో చేసింది 4లో తెరుచుకునేది కాదు. పేజీ కన్నా చిన్న బ్లాకులను 5.12 కర్నెల్ చదవడం, 5.15 రాయడం మొదలుపెట్టాయి. బీటీఆర్ఎఫ్ఎస్-ప్రాగ్స్ 6.7 నుంచి ఏ మెషీన్ మీద ఫార్మాట్ చేసినా 4 కేబీనే డిఫాల్ట్. కాబట్టి కొత్తవాటితో బాధ లేదు. మీ కర్నెల్ ఏయే సైజులు తీసుకుంటుందో చూడాలంటే /సిస్/ఎఫ్ఎస్/బీటీఆర్ఎఫ్ఎస్/ఫీచర్స్/సపోర్టెడ్_సెక్టార్‌సైజెస్ అన్న ఫైలును క్యాట్ చేయండి.

పాత 64 కేబీ బీటీఆర్ఎఫ్ఎస్ డిస్క్ చేతికొచ్చి, ఆ పాత సర్వర్ లేకపోతే? దాన్ని మార్చే టూల్ ఏదీ లేదు, మామూలుగా 64 కేబీ కర్నెల్ ఒకటి కావాలి. ఇంటెల్ మెషీన్ మీదే క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఏఆర్ఎం64 వర్చువల్ మెషీన్ పెట్టి, దాంట్లో 64 కేబీ కర్నెల్ ఉన్న డిస్ట్రో బూట్ చేసి (ఉబుంటు, రెడ్‌హ్యాట్ కుటుంబం రెండూ ఇస్తాయి), డిస్కును రీడ్ ఓన్లీగా లోపలికి ఇచ్చి, నెట్‌వర్క్ మీదుగా కాపీ చేసుకోవచ్చు. పూర్తి ఎమ్యులేషన్ కాబట్టి నత్తనడక నడుస్తుంది. రాత్రి మొదలుపెట్టి పడుకోండి.

ఎఫ్2ఎఫ్ఎస్ (ఫ్లాష్ మెమరీ కోసం చేసిన ఫైల్‌సిస్టమ్) వాడేవాళ్లకు హెచ్చరిక: దీని బ్లాక్, పేజీ సమానంగా ఉండాలి. పాత కర్నెల్స్ అయితే 4 కేబీ తప్ప ఇంకేదీ తీసుకోవు. మామూలు ల్యాప్‌టాప్‌లో ఎఫ్2ఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసిన మెమరీ కార్డు 16 కేబీ కర్నెల్ మీద మౌంట్ కాదు. రాస్ప్‌బెర్రీ పై 5 మీద దీనికి తేలిక ఉపాయం ఉంది. బూట్ పార్టిషన్‌లోని కాన్ఫిగ్.టీఎక్స్‌టీ ఫైలులో కర్నెల్=కర్నెల్8.ఐఎంజీ అన్న లైను చేర్చి రీబూట్ చేస్తే, 4 కేబీ పేజీల కర్నెల్‌తో లేస్తుంది. గెట్‌కాన్ఫ్‌తో ఖాయం చేసుకుని కార్డు మౌంట్ చేయండి. ఎం1 మ్యాక్ మీద ఈ సౌకర్యం లేదు. దాని ఐఓ మెమరీ యూనిట్ 16 కేబీ లెక్కతోనే పనిచేస్తుంది.

స్వాప్ సంగతి. స్వాప్ పార్టిషన్ గుర్తును మొదటి పేజీ చివర్లో రాస్తారు. పేజీ సైజు మారితే ఆ ‘చివర’ ఎక్కడుందో మారిపోతుంది, అందుకే కొత్త మెషీన్ దాన్ని గుర్తుపట్టదు. స్వాప్‌లో దాచుకోవాల్సిందేమీ లేదు కాబట్టి ఎంకేస్వాప్ మళ్లీ చేసేయండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలులో) పాత యూయూఐడీ, అంటే గుర్తింపు సంఖ్య, ఉంటుంది కాబట్టి పెద్ద యూ ఆప్షన్‌తో పాత యూయూఐడీనే ఇవ్వండి. ఒక్కటి చూసుకోండి: ఆ డిస్కును హైబర్నేట్ చేసిన మెషీన్‌లోంచి తీసి ఉంటే, మీ తెరిచి ఉన్న పనంతా ఆ స్వాప్‌లోనే ఉంది. ముందు పాత మెషీన్‌లో లేపి, సరిగా షట్‌డౌన్ చేసి అప్పుడు తీయండి. ఆమాటకొస్తే ఏ డిస్కునైనా క్లీన్‌గా అన్‌మౌంట్ చేసి తీస్తేనే మంచిది.

కొత్తగా చేసేటప్పుడే 4096 పెట్టేయండి

ఇదంతా చదివాక మీకే తోచి ఉంటుంది: రెండు నియమాలకూ ఎక్కడైనా సరిపోయే సంఖ్య 4096. డిస్క్ 512 అయినా 4096 అయినా దానికి చిన్నది కాదు, పేజీ 4 కేబీ అయినా 64 కేబీ అయినా దానికి పెద్దది కాదు. అందుకని డిఫాల్ట్‌కు వదిలేయకుండా మీరే చెప్పండి:

ఎంకేఎఫ్ఎస్.ఎక్స్‌ట్4 -బీ 4096 /డెవ్/ఎస్‌డీబీ1

ఎంకేఎఫ్ఎస్.ఎక్స్‌ఎఫ్‌ఎస్ -ఎస్ సైజ్=4096 -బీ సైజ్=4096 /డెవ్/ఎస్‌డీబీ1

ఎంకేఎఫ్ఎస్.బీటీఆర్ఎఫ్ఎస్ --సెక్టార్‌సైజ్ 4096 /డెవ్/ఎస్‌డీబీ1

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఆ ఎస్ ఆప్షన్ మరిచిపోకండి. ఫిజికల్ సెక్టార్ 4096 అని డిస్క్ నిజం చెప్తే టూల్ తనంతట తానే 4096 పెట్టుకుంటుంది. కానీ చాలా ఎస్ఎస్‌డీలు, వర్చువల్ డిస్కులు రెండూ 512 అని చెప్తాయి, అప్పుడు 512 పడుతుంది. రేపు ఆ వర్చువల్ డిస్కును 4కేఎన్ స్టోరేజీ మీదికి మార్చిన రోజున తెలుస్తుంది.

లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తే లక్స్2 తీసుకుని క్రిప్ట్‌సెటప్ లక్స్‌ఫార్మాట్‌కు --సెక్టార్-సైజ్ 4096 ఇవ్వండి. క్రిప్ట్‌సెటప్ 2.4 నుంచి డిస్కును బట్టి తనే ఎంచుకుంటుంది. లక్స్ సెక్టార్ 4096 అయితే, పైన తెరిచిన డివైస్ కూడా లాజికల్ 4096 అని చెప్తుందని గుర్తుంచుకోండి. 512 సెక్టార్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను దాంట్లోకి డీడీ చేస్తే మళ్లీ అదే కథ.

ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లలో క్లస్టర్ 32 కేబీ, 128 కేబీ ఉన్నా పేజీ సైజుతో గొడవ లేదు. లినక్స్ వాటిని సెక్టార్ లెక్కలోనే చదువుతుంది. రకరకాల మెషీన్ల మధ్య తిరిగే పెన్‌డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ చాలు.

ఎన్‌వీఎంఈ డ్రైవులు కొన్ని 512, 4096 రెండు ఫార్మాట్లూ ఇస్తాయి. ఎన్‌వీఎంఈ ఐడీ-ఎన్ఎస్ -హెచ్ (పెద్ద హెచ్) ఇస్తే జాబితా కనిపిస్తుంది, ఎన్‌వీఎంఈ ఫార్మాట్ --ఎల్‌బీఏఎఫ్ తో మార్చవచ్చు. ఆ కమాండ్ డ్రైవులో ఉన్నదంతా తుడిచేస్తుంది, ఓఎస్ వేయకముందే చేయాలి. బూట్ డ్రైవ్ అయితే నేను 512కే వదిలేస్తాను. మార్చితే వచ్చే స్పీడు లాభం మామూలు వాడకంలో కంటికి కనపడదు, రేపు ఇమేజ్ బ్యాకప్ ఇంకో డ్రైవ్ మీదికి ఎక్కించాలంటే ఇబ్బంది మాత్రం మిగులుతుంది.

చేసేముందు ఉత్తుత్తి డిస్క్ మీద చేసి చూడండి

4కేఎన్ డిస్క్ చేతిలో లేకపోయినా ప్రయత్నించవచ్చు. ట్రంకేట్ -ఎస్ 2జీ తో ఒక ఖాళీ ఫైలు చేయండి. దాన్ని సెక్టార్-సైజ్ 512తో లూప్ చేసి, 512 సెక్టార్‌తో ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫార్మాట్ చేసి, నాలుగు ఫైళ్లు పెట్టి అన్‌మౌంట్ చేసి విడదీయండి. అదే ఫైలును 4096తో లూప్ చేసి మౌంట్ చేయబోతే పైన చెప్పిన ఎర్రర్ కళ్లారా చూస్తారు. ఇప్పుడు 4096 సెక్టార్‌తో ఫార్మాట్ చేసి రెండువైపులా పెట్టి చూడండి, రెంటిలోనూ తెరుచుకుంటుంది. ఇంకాస్త అసలు డిస్క్‌లా ఉండాలంటే కర్నెల్‌లో స్కజీ_డీబగ్ (స్కజీ అంటే ఎస్, సీ, ఎస్, ఐ అక్షరాలు) అనే మాడ్యూల్ ఉంది. మోడ్‌ప్రోబ్‌తో లోడ్ చేస్తూ సెక్టార్_సైజ్=4096 ఇస్తే ఉత్తుత్తి 4కేఎన్ డిస్క్ వస్తుంది.

డిస్కులు కలిపి వాడేవాళ్లకు

ఎల్‌వీఎం (చాలా డిస్కులను కలిపి ఒకటిగా వాడే లినక్స్ పద్ధతి) గ్రూపులో 512 డిస్కులు ఉండగా, నిండిపోయిందని 4కేఎన్ డిస్క్ ఒకటి చేర్చి, దాని మీదికి వాల్యూమ్ పెంచారనుకోండి. వాల్యూమ్ లాజికల్ సైజు 4096కు ఎగబాకుతుంది. లోపల 512 సెక్టార్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఉంటే, అప్పటికి మౌంట్ అయి ఉన్నది నడుస్తున్నట్టే అనిపించి, తర్వాత రీబూట్‌లో లేవకపోవచ్చు. ఇది జరిగే ప్రమాదం ఉందనే ఇప్పటి ఎల్‌వీఎం వేర్వేరు సైజుల డిస్కులను కలపబోతే ఒప్పుకోదు. ఎల్‌వీఎం.కాన్ఫ్‌లో అలో_మిక్స్‌డ్_బ్లాక్_సైజెస్ అని ఒక స్విచ్ ఉంది, ఎర్రర్ పోవాలని దాన్ని ఆన్ చేయమని సలహాలు దొరుకుతాయి. లోపలి ఫైల్‌సిస్టమ్‌లన్నీ 4096 అని ఒక్కొక్కటీ చూసుకోకుండా ఆ స్విచ్ ముట్టుకోకండి.

జెడ్‌ఎఫ్ఎస్‌లో ఇదే సంగతిని యాషిఫ్ట్ అంటారు. 9 అంటే 512, 12 అంటే 4096 (2కు 12వ ఘాతం). వీడెవ్ (పూల్‌లోని డిస్కుల గుంపు) చేసిన రోజున పడిన యాషిఫ్ట్ తర్వాత మారదు. యాషిఫ్ట్ 9 ఉన్న మిర్రర్‌లో ఒక డిస్క్ చచ్చిపోయి, మీకు 4కేఎన్ డిస్కే దొరికితే రీప్లేస్ చేయనివ్వదు. జెడ్‌పూల్ క్రియేట్ చేసేటప్పుడే -ఓ యాషిఫ్ట్=12 ఇచ్చేయండి, డిస్క్ 512 అని చెప్పినా సరే.

చివరగా, సెకండ్ హ్యాండ్ సర్వర్ డిస్కులు చవగ్గా కొనేవాళ్లకు ఒక మాట. స్టోరేజీ బాక్సుల్లోంచి తీసిన ఎస్ఏఎస్ డిస్కులు కొన్ని 520 బైట్ల సెక్టార్‌తో ఉంటాయి. అదనపు 8 బైట్లలో ఆ బాక్స్ తన చెక్‌సమ్ రాసుకునేది. లినక్స్ డీమెసేజ్‌లో ‘అన్‌సపోర్టెడ్ సెక్టార్ సైజ్ 520’ అని చెప్పి, డిస్క్ సైజు సున్నా చూపిస్తుంది. డిస్క్ చెడిపోలేదు. ఎస్‌జీ3_యుటిల్స్ ప్యాకేజీ వేసి, ఎస్‌జీ_ఫార్మాట్ --ఫార్మాట్ --సైజ్=512 ఇస్తే మామూలు డిస్క్ అవుతుంది. డిస్క్ సపోర్ట్ చేస్తే 4096 కూడా ఇవ్వవచ్చు. పెద్ద డిస్కులకు ఇది గంటల తరబడి పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఫార్మాట్ సగంలో ఆగిన డిస్క్ ఏదీ చదవదు, రాయదు, మళ్లీ మొదటినుంచి ఫార్మాట్ చేయాల్సిందే. యూపీఎస్ మీద పెట్టి మొదలుపెట్టండి.